ఆరో రీలు తర్వాత

చెన్నై,
ఫిబ్రవరి నెలాఖరు.

ప్రియమైన జయత్తకు,

నీ అబిగయీలు వందనాలు. ముందు కుట్టుమిషను ఆపి, కుర్చీ లాక్కుని కూర్చో. ఇది నిలబడి చదివే సంగతి కాదు. నీకు చెవులు వినపడి ఉంటే ఈపాటికి ఫోను చేసి అరిచేదాన్ని. మెసేజి పెడదామంటే, అందులో చేతిరాత ఉండదు, మనిషి మొహం తెలియదు అంటావు. అందుకే కాగితం తీసుకున్నాను.

మన బొమ్మ దొరికింది.

అవును, 'పోలమ్మ పడవ'. మీ అవ్వ, మా ముత్తవ్వ శాంతమ్మ పోలమ్మగా నటించిన మూకీ బొమ్మ. మన చినతోటపాలెం తొంభై ఏళ్ల కిందట ఒకే ఒక్కసారి చూసి, ఆ తర్వాత లోకమంతా పోగొట్టుకున్న బొమ్మ. తమిళనాడులో మూతపడ్డ ఒక సినిమాహాలు గోదాములో తుప్పు పట్టిన డబ్బాల్లో ఉంది. ఆరు రీళ్లూ ఉన్నాయి. పాత సినిమాలు బాగుచేసి దాచేది మా ఆఫీసే కాబట్టి మా దగ్గరికే తెచ్చారు. నేనే తుడిచాను, నేనే కంప్యూటర్లోకి ఎక్కించాను. ముత్తవ్వ తెర మీదికి వచ్చినప్పుడు చూస్తే ఆ మెడ తిప్పడం అచ్చం నీలాగే ఉంది. గదిలో ఎవరూ లేరు కాబట్టి కాసేపు ఏడ్చుకున్నాను.

ఈ బొమ్మ తీసిన దైవసహాయం గారు ఎంత గట్టివాడో ఇప్పుడు తెలిసింది అత్తా. నెల్లూరులో పెళ్లి ఫోటోలు తీసుకునే మనిషి. మన జిల్లాలో అంతకు ముందు సినిమా తీసినవాడు లేడు. నేర్పేవాడూ లేడు. కెమెరాను పడవలో తాళ్లతో కట్టి, అల మీద అల ఎక్కుతూ తీశాడు. ఇవాళ్టికీ మా ఆఫీసులో పెద్దపెద్దవాళ్లు ఆ ముక్కను మళ్లీ మళ్లీ వేయించుకుని చూస్తున్నారు.

ఇక కొంచెం నవ్వుకో. ఆ బొమ్మను చూసి ఊరు ఏటా ఆడే మన మూగ ఆటలో అందరం గబగబా, తలలు విదిలిస్తూ నడుస్తాం కదా? సినిమాలో ఎవరూ అలా నడవలేదు. ఆ రోజు ఊళ్లో వేసినప్పుడు మర చేత్తో తిప్పినవాడు తొందరపడ్డాడు, అంతే. తెర మీద రంగులు లేవు కాబట్టి మనం మొహాలకు బూడిద పూసుకుంటున్నాం. పోలమ్మ తండ్రి చచ్చిపోయే చోట చెంబులతో నీళ్లు చల్లుతాం చూడు, అది వాన కాదు. రీలు మీద పడ్డ గీతలు. ఊరు ఒక్కసారి చూసింది, చూసింది చూసినట్టు పట్టేసింది, ఏటేటా నోరు మెదపకుండా ఆడుతూ వచ్చింది. మా పెద్దసారు చంద్రమౌళి గారు ఇది విని పడీపడీ నవ్వారు.

ఒక్కచోట మాత్రం నాకు నవ్వు రాలేదు. ముగింపు.

మన ఆటలో, ఆడది పడవ ఎక్కరాదని రేవు పెద్ద దురాయి వేస్తాడు. ఆ కట్టుబాటు ఎత్తేయమని పోలమ్మ అతని కాళ్ల మీద పడుతుంది, అతను కాదంటాడు. అప్పుడామె లేచి తండ్రి పడవను నీళ్లలోకి తోసుకుని వెళ్లిపోతుంది. అక్కడితో అయిపోతుంది. అసలు బొమ్మలో వరస వేరు. పడవ తోసుకుని పోవడం ఐదో రీలు. ఆరో రీల్లో ఆమెను పట్టి తెస్తారు. ఆమె కాళ్ల మీద పడి తప్పయిందని వేడుకుంటుంది, రేవు పెద్ద క్షమిస్తాడు. అదీ ముగింపు. మన ఊళ్లో ఆ రోజు ఆరో రీలు ముందు వేసి ఐదోది తర్వాత వేసినట్టున్నారు. క్షమిస్తూ అతను ఎత్తిన చేతిని ఊరు కాదనడమనుకుంది.

మే నెలలో, వేట ఆపిన రోజుల్లో మన ఆట ఉంటుంది కదా. ఈసారి ఆ సాయంత్రమే బొమ్మను మన ఇసుకలో వేస్తామని సారు అంటున్నారు. పైనుంచి పెద్దలు వస్తారు. బొమ్మ తర్వాత మీ ఆట, అసలు వరసలో. సంఘపెద్ద టైటస్ మామకు కబురు పెట్టాం, ఆయన సరేనన్నాడు. నువ్వు కాస్త సాధన చేసుకోవాలి.

నీ ముద్దుల కోడలు,
అబిగయీలు


చినతోటపాలెం, వాకాడు మండలం,
మార్చి.

ప్రియమైన అబీకి,

ప్రభువు నిన్ను చల్లగా చూడాలి, ఆ తర్వాత నేను నిన్ను ఒక్కటి వేయాలి. నీ ఉత్తరం చదివి జాకెట్టు చేతిని మెడకు కుట్టేశాను. జాకెట్టు ఇచ్చిన చెంచమ్మ వచ్చి ఇదేమిటని అడిగితే నా కోడలు చదువుకుందని చెప్పాను.

అవ్వ మెడ నాలాగా ఉందన్నావు. అక్కడిదాకా బాగానే ఉంది, నేనూ ఏడ్చాను. ఆ తర్వాత ఏం రాశావో నువ్వే ఇంకోసారి చదువుకో. సాధన చేసుకోవాలట. ఎవరు? నేను? కాళ్ల మీద పడడానికా?

నీకు తెలియంది ఒకటి చెబుతాను. పదకొండో ఏట జ్వరం వచ్చి నా చెవులు పోయినప్పుడు ఇంట్లో అందరూ నోళ్లు ఆడించడం మానేశారు. దీనికెలాగూ వినపడదు కదా అని. అవ్వ ఒక్కతే నన్ను రేవుకు తీసుకెళ్లి పోలమ్మను నేర్పింది. చెయ్యి ఇలా పెడితే కోపం, భుజం ఇలా దించితే ఏడుపు, ఇలా నిలబడితే పోవే అని అర్థం. మరుసటేడు ఆటలో ఆడాను. అబీ, ఆ ఒక్క సాయంత్రం ఊళ్లో ఎవ్వరూ మాట్లాడరు. ఊరంతా నా భాషలోకి వస్తుంది. అది నాకెంతో నువ్వు ఊహించుకోలేవు, నీకు రెండు చెవులున్నాయి.

ఇంకొకటి విను. దైవసహాయం తీసేటప్పుడు ఏ ముక్క ముందొస్తుందో, ఏది తర్వాతో అవ్వకు చెప్పలేదు. ఒకరోజు ఏడవమన్నాడు, ఒకరోజు పడవ తొయ్యమన్నాడు, ఇంకోరోజు కాళ్లు పట్టుకోమన్నాడు. ఆమె చేసింది. చివరికి అదేమైందో ఆమెకూ తెలియదు. ఆయన బండి మీద మర వేసుకొచ్చి, తెరచాప కట్టి బొమ్మ వేసిన రోజున అందరితోపాటు ఆమె కూడా ఇసుకలో కూర్చుని చూసింది. ఈ మాట అవ్వే నాకు పలక మీద రాసి చూపించింది: "తెర మీద చూసినాకనే తెలిసిందే నాకు, నేను గెలిచినానని."

ఆమె ఆ గెలుపుతోనే బతికింది. నువ్వేమో డబ్బా మూత తీసి, గెలవలేదమ్మా, రీళ్లు తారుమారయ్యాయి అంటున్నావు.

టైటస్ వచ్చాడు. వాడి సంగతి తెలుసుగా, నాకు వినపడదని నోరు బారెడు తెరిచి మాట్లాడతాడు, కొండనాలుకతో సహా కనపడుతుంది. "జయక్కా, బొమ్మలో ఎట్టుంటే అట్టనే ఆడాల. సార్లొస్తా ఉండారు. మన పాలేనికి పేరొస్తాది" అన్నాడు. వాళ్ల తాత వేసిన రేవు పెద్ద వేషం ఇప్పుడు వాడిదే కదా. ఇన్నేళ్లూ పోలమ్మ వాణ్ణి వదిలేసి పోతుంటే దిగాలుగా నిలబడేవాడు. ఈసారి ఎత్తుపీట మీద కూర్చుని నన్ను క్షమించాలట. మీసాలు దువ్వుకుంటున్నాడు.

నేను కాళ్లు పట్టుకోను. మీ సారుకు చెప్పు.

నీ మొండి అత్త,
జయశీల


చెన్నై,
మార్చి చివర.

ప్రియమైన అత్తకు,

కోప్పడతావని తెలుసు. అయినా రాస్తున్నాను, నువ్వు నేర్పిన మొండితనమే.

అవ్వ పలక మీద రాసిన మాట మళ్లీ మళ్లీ చదివాను. కానీ నా పని ఏమిటో నువ్వే చెప్పు. ఒక మనిషి తన చేతులతో తీసినదాన్ని ఆయన తీసినట్టే నిలబెట్టడం. దైవసహాయం గారు ఇంకో బొమ్మ తీయలేదు. ఆయనకున్నది ఇదొక్కటే. దాన్ని కూడా మనకు నచ్చినట్టు తిప్పుకుంటే ఇక ఆయన ఎక్కడున్నట్టు? డబ్బాల మీద అంకెలు ఆయనే వేశాడు. ఐదు ఐదే, ఆరు ఆరే. నేను నివేదికలో కూడా అదే రాశాను. మన ఊరి ఆట మూలం నుంచి తప్పిపోయిన జ్ఞాపకమని రాశాను. ఆ మాట నా చేత్తో రాసి నీ దగ్గర దాచలేను.

ఇంకొకటి. ఇది చెప్పకూడదేమో. నీ కోపం పోలమ్మ కోసమా, నీ కోసమా? ఇన్నేళ్లుగా ఆమె నువ్వే. ఆమె ఓడిపోతే నువ్వు ఓడిపోయినట్టు ఉందేమో. అది నాకు అర్థమవుతుంది, కానీ అది సినిమా తప్పు కాదు.

అసలు విషయానికి వస్తాను. నువ్వు ఆడనన్నావని సారుకు చెప్పాను. అయితే నెల్లూరు నుంచి నాటకాల బృందాన్ని తెస్తామన్నారు. పోలమ్మగా వేసే అమ్మాయిని కూడా చూసేశారట. టైటస్ మామ దానికీ ఒప్పుకున్నాడు. ఈ ఏడు బాగా జరిగితే ఇకమీద ప్రతి ఏడూ వాళ్లే వచ్చి ఆడతారట. అత్తా, ఒకసారి వేరేవాళ్ల చేతికి పోతే ఆ వేషం మళ్లీ మన ఇంటికి రాదు. నీకు నా మీద కోపమున్నా సరే, ఈ ఒక్కసారి తలొంచు.

ప్రేమతో,
అబిగయీలు


చినతోటపాలెం,
ఏప్రిల్.

ప్రియమైన కోడలికి,

నీ ప్రశ్నకు జవాబు: నా కోసమే. నా కోసం నేను కోపం తెచ్చుకోకపోతే ఇంకెవరు తెచ్చుకుంటారు?

సరే. ఆడతాను. మీ వరసలోనే ఆడతాను. బూడిద పూసుకోను, నీళ్లు చల్లించను, మామూలుగా నడుస్తాను. టైటస్ కాళ్లు పట్టుకుంటాను. మాటిస్తున్నాను, మీ సారుకు చెప్పుకో. నెల్లూరు పిల్లను రావద్దను.

ఇక్కడ రొయ్యలకు రోగం వచ్చి కోట మండలం వైపు గుంటలన్నీ ఎండగట్టారు. రెబెక్కమ్మ కూతురు పెళ్లికి గౌను కుడుతున్నాను. ఎండలు మండుతున్నాయి. ఇంతకన్నా రాసేందుకు ఏమీ లేదు.

జయశీల


చెన్నై,
మే మొదటివారం.

ప్రియమైన అత్తకు,

నీ ఉత్తరం చదివి సంతోషపడాల్సింది. పడలేకపోయాను. ఎన్నడూ నువ్వు నాకు అంత పొట్టి ఉత్తరం రాయలేదు. సంతకం ముందు ఏమీ లేదు, ఉత్త జయశీల.

ఆరో రీలు మళ్లీ వేసుకున్నాను. మొన్నటిదాకా దాన్ని పాడైన చోట్లు వెతకడానికే చూశాను, గీతలు, మరకలు, చిరుగులు. ఈసారి ముత్తవ్వను చూశాను. ఆమె వంగుతుంది, కాళ్లు పట్టుకుంటుంది. పట్టుకుని, తల తిప్పి నేరుగా కెమెరా వైపు చూస్తుంది. నటించేవాళ్లు అలా చూడకూడదు. ఆమె చూసింది. ఆయన ఆ ముక్క కోసేయలేదు. నేను ఆపి, ఆ మొహం ముందు చాలాసేపు కూర్చున్నాను. బతిమాలే మొహం కాదది అత్తా. నువ్వు నాకు ఉత్తరం రాసేటప్పుడు ఎలా ఉంటావో అలా ఉంది. దానికి అర్థమేమిటో నాకు తెలియదు. తెలిసినట్టు నివేదికలో రాయలేను. కానీ తప్పిపోయిన జ్ఞాపకమని రాసిన వాక్యం మాత్రం కొట్టేశాను.

ఆ తర్వాత సారు గదికి వెళ్లి, బొమ్మను బొమ్మగా వేద్దాం, ఊరి ఆటను ముట్టుకోవద్దు అన్నాను. ఆయన ఫైలులోంచి తల ఎత్తకుండా, "నువ్వు ఆ ఊరిదానివి కదా, అందుకే నీకిది అర్థం కావట్లేదు" అన్నారు. ఆ ఊరిదాన్ని కాబట్టే అర్థమైందన్నాను. మన ఊరికి వచ్చేవాళ్ల జాబితాలోంచి నా పేరు తీసేశారు. ఉద్యోగం సంగతి తిరిగొచ్చాక మాట్లాడతారట.

కాబట్టి నేను రావట్లేదు. నువ్వూ వెళ్లకు. నాకిచ్చిన మాట నేనే వెనక్కి ఇచ్చేస్తున్నాను. తలుపేసుకుని ఇంట్లో కూర్చో. నువ్వు ఎవరి కాళ్లూ పట్టుకోవడం నేను తట్టుకోలేను. ఇది టపాలో నీకు సమయానికి అందితే చాలు.

నీ
అబీ


చినతోటపాలెం,
మే.

నా బంగారు అబీకి,

నీ ఉత్తరం ఆట రోజు పొద్దున్నే అందింది. పోస్టుమ్యాను సైకిలు దిగేలోపే లాక్కుని చదివాను. నువ్వు సారు ముందు నిలబడ్డావని చదివి, ఇంట్లో ఎవరూ లేకపోయినా భుజాలు విరుచుకుని అటూ ఇటూ తిరిగాను.

కానీ తలుపేసుకోమన్నావే, అది మాత్రం వినలేదు. నేను ఇంట్లో కూర్చుంటే మరునాటి నుంచి పోలమ్మ నెల్లూరు పిల్లే. పైగా మాటిచ్చింది నేను, వెనక్కి ఇవ్వడానికి అది నీది కాదు.

సాయంత్రం ఇసుకలో పెద్ద తెల్లతెర కట్టారు. ముందు వరసలో సార్లకు కుర్చీలు, వెనక ఊరంతా పట్టాల మీద. బొమ్మ మొదలైంది. అవ్వ వచ్చింది. నాకన్నా చిన్నది అవ్వ. నా కూతురి వయసుంటుంది, నాకు కూతురుంటే. చుట్టూ అందరి నోళ్లూ ఆడుతున్నాయి, అదిగో మా తాత, అదిగో మీ జేజి అని. ముసలి ముత్యాలయ్య లేచి నిలబడి వాళ్ల నాయనకు దండం పెట్టాడు. పడవలోంచి తీసిన ముక్క వచ్చినప్పుడు ముందు వరసలో సార్లు కూడా కుర్చీలు పట్టుకున్నారు. దైవసహాయం మొనగాడే, ఒప్పుకుంటాను.

ఆరో రీలు వచ్చింది. అవ్వ కాళ్లు పట్టుకుంది. నువ్వు చెప్పిన చూపు చూసింది. ఒక్కరి నోరూ ఆడలేదు. చేపల బుట్ట మీద కూర్చున్న రెబెక్కమ్మ కొంగుతో మొహం మూసుకుంది. రేవు పెద్ద చెయ్యెత్తి దీవించడం అయిపోయాక, మరవాడు ఎందుకో ఆ చివరి బొమ్మను తీయలేదు. వంగి ఉన్న అవ్వను తెర మీద అలాగే నిలిపేశాడు.

తర్వాత మా ఆట. మీరు చెప్పినట్టే ఆడాను. బూడిద లేదు, నీళ్లు లేవు, బజారుకు పోయినట్టు నడిచాను. పడవ ఎక్కాను, పడవను మళ్లీ ఇసుకలోకి లాగి నన్ను పట్టి తెచ్చారు. టైటస్ ఎత్తుపీట మీద కూర్చుని ఉన్నాడు. నేను వంగాను. వాడి పాదాలకు నా చేతులు తగిలాయో లేదో, వాడు కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. తల ఎత్తి చూస్తే వాడి నోరు ఆడుతోంది. ఇన్నేళ్లుగా ఒక్క మాటా లేని ఆటలో, అందరి ముందూ, "లెయ్ జయక్కా. నువ్వు నా కాళ్లు పట్టుకునేదేంది, లెయ్" అంటున్నాడు. మీసాలు తడిసిపోయాయి.

నేను లేవలేదు. వాడి కాళ్లు దగ్గరికి లాగి గట్టిగా పట్టుకున్నాను. మాటిచ్చాను కదా. సార్లంతా చూసేవరకూ, ఫోటోలు తీసుకునేవాళ్లు తీసుకునేవరకూ వంగే ఉన్నాను. మీ ఆరో రీలు పూర్తిగా, ఒక్క పోగు తగ్గకుండా ఆడి ఇచ్చాను.

అప్పుడు లేచాను. నేను ఇచ్చిన మాట ఆరో రీలు దాకానే. ఆ తర్వాత ఏం చేయాలో మీ డబ్బాల్లో ఏమీ లేదు కదా. అక్కడి నుంచి మన నడక నడిచాను, గబగబా, తల విదిలిస్తూ. పడవ దగ్గరికి వెళ్లి భుజం పెట్టాను. ఎవరికీ ముందుగా చెప్పలేదు అబీ. ఎప్పుడూ వెనక నుంచి నెట్టే మగపిల్లలు సార్ల మొహాలు చూస్తూ నిలబడిపోయారు. పడవ కదల్లేదు. ఈ వయసులో నా ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. ఇక్కడే కూలబడితే ఎలాగా అని మొదటిసారి భయం వేసింది.

పక్కన ఇంకో భుజం వచ్చి ఆనింది. చూస్తే రెబెక్కమ్మ. దాని వెనక చెంచమ్మ. ఆ వెనక పేర్లు రాస్తే కాగితం చాలదు. చేపలమ్మే ఆడవాళ్లు, షెడ్డులో రొయ్యల తలలు తీసేవాళ్లు, చర్చిలో ముందు బల్ల మీద కూర్చునే ముసలమ్మలు. పడవ ఇసుకలోంచి లేచి నీళ్లలో పడింది. నన్ను ఎత్తి అందులో వేశారు, నడుం పట్టేసింది, ఇంకా మందు రాస్తున్నాను.

అప్పుడు మీ సారు లేచి టైటస్‌ను అడిగాడట, ఇది బొమ్మలో ఎక్కడుందని. టైటస్ ఏమన్నాడో ముత్యాలయ్య నాకు రాసి చూపించాడు: "అది మీ డబ్బాలో దొరకలా సార్. మా ఊళ్లో ఉండాది." మీ సారు నిన్ను ఉద్యోగంలో ఉంచుతాడో తీసేస్తాడో తెలియదు. తీసేస్తే నా పక్కన ఇంకో మిషనుకు చోటుంది, ఏడవకు.

నేను అల దాటాక వెనక్కి తిరిగి చూశాను. ఒడ్డున తెర ఇంకా వెలుగుతోంది. అవ్వ ఇంకా వంగే ఉంది, అంత మంది వెనక, ఒక్కతే. అది చూసి నాకు ఆగలేదు. పడవలో నిలబడి, రెండు చేతులూ ఎత్తి, లెయ్యవే, రావే అని పిలిచాను.

ఒడ్డున ఉన్న ఆడవాళ్లు తమనే పిలుస్తున్నాననుకున్నారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, చీరలతోనే నీళ్లలోకి నడిచి వచ్చేస్తున్నారు. నేను పిలిచింది అవ్వనని వాళ్లకు చెప్పలేదు.

నీ అత్త,
జయశీల